దిగవలసిన వేళ

‘ఓర్పు’ అనే మాట మన ఇండ్లలో రోజూ వినబడేదే. అత్తగారింటికి పోయే ఆడపిల్లకు ఓర్పు ఉండాలంటాము. మొగులు వైపు చూస్తూ కూర్చున్న రైతుకు ఓర్పు కావాలంటాము. అప్పులున్న ఇంటి కొడుకు రాత్రింబవళ్లు కష్టపడుతుంటే, ఎంత ఓర్పుగల పిల్లవాడో అని పదిమందిలో మెచ్చుకుంటాము. పందెములో ఓపికతో పరుగెత్తడము గూర్చి అపొస్తలుడు వ్రాసిన మాటలు మనలో చాలామందికి కంఠస్థము. అయితే ఓర్పు అంటే ఏమిటని అడిగితే, ఆగకుండా, దిగకుండా, ఎవరినీ సాయము అడగకుండా, ఒళ్లు పడిపోయేదాకా మోయడమే అని ఎక్కువమంది జవాబు చెబుతారు. ఈ జవాబును గూర్చి నిదానముగా ఆలోచించడానికి ఒక మోటారు పందెమూ ఒక పాత కెమెరా నాకు సహాయపడ్డాయి. సేవకునికి మోటారు పందెముతో పనేమిటి అని మీరు అడుగవచ్చును. చివరి వరకు చదివితే అది మన ఇండ్ల సంగతేనని మీకే తెలుస్తుంది.

మొదట కెమెరా గూర్చి చెబుతాను. మా చిన్నాయన తాపీ మేస్త్రీగా దుబాయి పోయి, 1980ల మొదట్లో తిరిగి వచ్చినప్పుడు అందరిలాగే ఒక టేపురికార్డరు, రెండు దుప్పట్లు, ఒక కెమెరా తెచ్చాడు. అది కానన్ కంపెనీవారి ‘కానోనెట్ క్యూఎల్ 17’, 1972లో వచ్చిన మూడవ రకము. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మా దొంతన్‌పల్లిలోను చుట్టుపక్కల ఊళ్లలోను ఎన్నో బాప్తిస్మముల ఫొటోలు, పెండ్లి ఫొటోలు దానితోనే తీశారు. చిన్నాయన చూపు మందగించిన తరువాత దానిని నా చేతిలో పెట్టాడు. అందులో వేసే పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. అయినా బ్యాటరీ లేకుండానే అది పని చేస్తుంది. వెలుతురు ఎంత ఉన్నదో మనమే అంచనా వేసుకోవాలి. ఎర్రని ఎండలో 400 వేగము గల ఫిల్మయితే కంతను 16 మీద పెట్టి, షట్టరును సెకనులో 500వ వంతుకు పెట్టుకోవాలి. ఇది పాత ఫొటో మేస్త్రీలందరికీ తెలిసిన లెక్కే.

ఇటువంటి కెమెరాను రేంజ్‌ఫైండరు కెమెరా అంటారు. దీని ముందు భాగములో రెండు చిన్న కిటికీలు ఉంటాయి. కన్ను పెట్టి చూస్తే మధ్యలో పసుపుపచ్చని చిన్న మచ్చ, ఆ మచ్చలో మనిషి రెండుగా కనబడతాడు. కటకము చుట్టూ ఉన్న కడియము తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలు దగ్గరకు వచ్చి ఒకటవుతాయి. అప్పుడు దూరము సరిపోయినట్టు. ఇందులో మరొక విశేషమున్నది. ఫొటోలో పడే భాగమును సన్నని గీతలు చూపిస్తాయి గాని, గీతలకు బయట ఉన్నది కూడ మన కంటికి కనబడుతుంది. రాబోయేవాడు ఫొటోలోకి అడుగు పెట్టకముందే మనకు కనబడతాడు. లోపము కూడ ఉన్నది. దీని కటకము 40 మిల్లీమీటర్లది, మార్చడానికి వీలులేదు. దూరములో ఉన్నదానిని దగ్గరకు లాగదు. దగ్గరగా కావాలంటే మన కాళ్లతో మనమే దగ్గరకు నడవాలి.

ఇక మా ఊరి సంగతి. మా సంఘములో ఒక విధవరాలు ఉన్నది. ఆ కుటుంబము అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను. పేర్లు వ్రాయడము లేదు. ఆమె పెద్దకొడుకు కొన్నేండ్ల క్రితము రోడ్డు ప్రమాదములో గాయపడి, చాలా దినములు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. ఆ ఆసుపత్రి అప్పు చిన్నవాని మీద పడింది. అతడు పగలు ఒక గోదాములో పని చేసి, సాయంత్రము నుండి గచ్చిబౌలిలో బండి మీద ఇంటింటికి భోజనము అందిస్తాడు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో పని ముగించుకొని, కోకాపేట, మోకిల మీదుగా 20 కిలోమీటర్లకు పైబడిన దారిలో ఒంటరిగా ఇంటికి వస్తాడు. 2024 క్రిస్మసుకు కొద్ది దినముల ముందు ఆ తల్లి మా ఇంటికి వచ్చి కూర్చున్నది.

“అయ్యగారూ, వాడు బండెక్కిండంటే నా పానం గాల్లనే ఉంటది. మొన్న బండి మీదనే నిద్రవోయి కంపచెట్లల్లకు ఉరికిండంట. నాకు జెప్పలే, పక్కింటి పిలగాడు జెప్పిండు. మీరన్న జెప్పుండ్రి” అన్నది.

నేను అతనిని కలిసి మాట్లాడాను. వినయముగానే విన్నాడు. “ఇంకొక్క యాడాది ఓర్సుకుంటే అప్పు తీరుతది అయ్యగారూ. నేనోర్సుకుంట” అన్నాడు. ఓర్పు అనే మాట ఎత్తిన తరువాత మనము ఏమంటాము? ప్రార్థన చేసి వచ్చాను. ఆ మాట మాత్రము నాతోనే ఉండిపోయింది.

మరుసటి నెల, అంటే 2025 జనవరిలో, దుబాయిలో పని చేసుకునే మన తెలుగు సహోదరుల కూడికలకు నన్ను పిలిచారు. చిన్నాయన కెమెరాను, మూడు ఫిల్ము రీళ్లను సంచిలో పెట్టుకొని పోయాను. నలభై యేండ్లకు పైబడి ఆ కెమెరా తాను కొనబడిన ఊరికి తిరిగి పోయినట్లయింది. నేను దిగిన ఇంటి తమ్ముడు మోటారు మెకానిక్కు. జనవరి 11, శనివారము నాకు కూడికలు లేవు. “అన్నా, ఈ రోజు 24 గంటల కార్ల పందెం ఉంది, మన సికింద్రాబాదులో పుట్టినాయన జట్టు కూడా ఉంది, వస్తారా?” అని అడిగాడు. అలా దుబాయి ఆటోడ్రోముకు పోయాను.

అది 5 కిలోమీటర్ల 390 మీటర్ల పొడవున మెలికలు తిరిగిన బాట. 2006 నుండి అక్కడ ఈ పందెము జరుగుతున్నది. శనివారము మధ్యాహ్నము మొదలైతే ఆదివారము మధ్యాహ్నమే ముగింపు. పదులకొద్ది బండ్లు, రకరకాల తరగతులు. మన ఎడ్ల పందెములోవలె ముందుగా గీత దాటినవాడు గెలిచాడనే లెక్క కాదిది. నిర్ణయించిన కాలములో ఎవరి బండి ఎక్కువ దూరము పోయిందనేదే లెక్క. ఈ విధమైన పందెములలో పేరుపొందినది ఫ్రాన్సు దేశములోని ల మాన్ పట్టణములో జరిగేది. 1923 మే 26, 27 తేదీలలో అది మొదటిసారి జరిగింది. బండికి వేగము ఒక్కటే ఉంటే చాలదు. దీపములు, బ్రేకులు, ఇంజను రాత్రింబవళ్లు నిలుస్తాయా అని పరీక్షించడానికి దానిని పెట్టారు. అందుకే దీనికి ఓర్పు పందెమని పేరు.

ఇటువంటి పందెమును నా చిన్న కెమెరాతో ఫొటో తీయడము ఎట్లా? బాట చుట్టూ నిలబడ్డ ఫొటోగ్రాఫర్ల చేతులలో మూరెడు పొడవు కటకములు ఉన్నాయి. నాది అగ్గిపెట్టె వలె కనబడింది. అయితే చిన్న కెమెరాకు తన పద్ధతి తనకుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగముతో పోయే బండి ఒక్క సెకనులో 55 మీటర్లు దాటిపోతుంది. నా కెమెరాలోని అతి వేగమైన షట్టరు తెరిచి మూసే ఆ 500వ వంతు సెకనులో కూడ అది 11 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అటువంటి బండి వెంట పసుపు మచ్చను తిప్పుతూ దూరము సరిచూసుకోవడము అయ్యే పని కాదు. కాబట్టి బండిని విడిచిపెట్టి బాటను చూడాలి. బండి తప్పక దాటిపోయే ఒక చోటు, అంచున ఎరుపు తెలుపు రంగు వేసిన మలుపు, చూసుకొని దాని దూరానికి కడియము తిప్పి పెట్టుకోవాలి. అటు తరువాత కడియము ముట్టరాదు. గీతల బయట కంటితో చూస్తూ బండి రాకకు కనిపెట్టుకొని ఉండాలి. వచ్చినప్పుడు నడుమును దానితోపాటు మెల్లగా తిప్పుతూ, సెకనులో 60వ వంతు మీద మీట నొక్కాలి. దేవుని దయవలన చేయి కుదిరితే బండి స్పష్టముగాను, వెనుకనున్న జనము గీతలుగాను పడతారు. మూడు రీళ్లలో ఈ పద్ధతిలో తీసినవాటిలో నాలుగైదు నిలిచాయి. ఈ పనిలో అది మామూలే.

ఇక్కడ ఒక పాత ఫొటో గూర్చి చెప్పాలి. 1910ల మొదట్లో ఫ్రాన్సులో ఒక మోటారు పందెము జరిగింది. జాక్ ఆన్రీ లార్తీగ్ అనే యువకుడు బాట పక్కన నిలబడి, 6 అంకె వేసిన బండితోపాటు కెమెరాను తిప్పుతూ ఫొటో తీశాడు. అతని కెమెరాలో ఫొటో మొత్తము ఒక్కసారిగా పడేది కాదు. సన్నని చీలిక ఒకటి గాజు పలక మీదుగా కదులుతూ కొద్దికొద్దిగా వెలుతురు పడనిచ్చేది. అందుచేత ఆ ఫొటోలో బండి చక్రము కోడిగుడ్డులాగా ముందుకు వాలి ఉంటుంది, నిలబడ్డ మనుషులు వెనుకకు వాలి ఉంటారు. వంకరపోయిన ఆ బొమ్మే వేగమంటే ఏమిటో చూపించే బొమ్మగా తరువాత లోకమంతా పేరు పొందింది. అయితే ఎప్పుడు? 1963లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియమువారు అతని ఫొటోలను ప్రదర్శించిన తరువాత. అప్పటికి అతనికి 69 ఏండ్లు. వేగమును పట్టుకున్న మనిషి అర్ధ శతాబ్దము కనిపెట్టవలసి వచ్చింది.

ఎండ తగ్గి చీకటి పడిన తరువాత వేగముగా పోయే బండ్లు నా కెమెరాకు అందలేదు. దీపముల చారలే మిగిలాయి. కటకము దూరమును దగ్గరకు లాగదు కాబట్టి నేనే నడిచి, బండ్ల కొట్లు ఉన్న వరుస వెనుకకు పోయాను. నిజముగా ఈ పందెము ఎక్కడ జరుగుతున్నదో నాకు అక్కడ కనబడింది.

ఒక కొట్టులో అరిగిన టైర్ల దొంతర మీద ఒక మెకానిక్కు, తలకు హెల్మెటు ఉండగానే, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. అతని పక్కన మరొకడు బాట వైపు చూస్తూ కాపలా ఉన్నాడు. వీడు లేచినప్పుడు వాడు పడుకుంటాడని మా తమ్ముడు చెప్పాడు. మరొకచోట బండ్లు పెట్రోలు కొరకు వరుసలో నిలబడ్డాయి. చాలా పందెములలో ఎవరి కొట్టు ముందు వారే పెట్రోలు పోసుకుంటారు. ఈ పందెము నిర్వాహకుల పద్ధతి వేరు. మన ఊరి బంకు వలె ఒకే చోటు పెట్టి, అందరూ అక్కడికే రావాలంటారు. అంతసేపు గాలివలె పోయిన బండ్లు అక్కడ ఆర్టీసీ బస్సుల మాదిరిగా వంతు కొరకు ఆగుతాయి. ఆ వరుసలో తొందరపడేవాడు లేడు. ఎంతసేపు పరుగెత్తాలో, ఎప్పుడు నిలబడాలో జట్టువారు ముందే లెక్క వేసి పెట్టుకుంటారు. ఆగడము వారికి ఓటమి కాదు, పందెములో ఒక భాగము.

రాత్రి పదకొండు దాటిన తరువాత నేను ఆ రోజంతటిలో నాకు ప్రియమైన ఫొటో తీశాను. ఒక కొట్టు వెనుక తలుపు తెరిచి ఉన్నది. బండి వచ్చి ముందు ఆగింది. తలుపు తెరుచుకున్నది. లోపలివాడు నడుము పట్టీలు, భుజము పట్టీలు విప్పుకొని, రేడియో తీగ పీకి, బయటకు దిగాడు. చెమటతో బట్టలు ఒంటికి అంటుకొని ఉన్నాయి. గంటలకొద్ది ఆ వేడిలో కూర్చున్నవాడు కనుక, దిగిన వెంటనే నీళ్ల సీసా దగ్గరకు పోతాడనుకుంటారు ఎవరైనా. అతడు పోలేదు. రెండవవాడు లోపల కూర్చోగానే, దిగినవాడే వంగి, కారులోకి సగము ఒళ్లు దూర్చి, కూర్చున్నవాని పట్టీలు ఒక్కొక్కటిగా బిగించాడు. రేడియో తీగ తగిలించాడు. భుజము మీద ఒక్క దెబ్బ తట్టాడు. తలుపు వేశాడు. బండి వెళ్లిపోయింది. అప్పుడు గాని అతడు గోడకు ఆనుకొని నీళ్లు అడగలేదు. కంతను 1.7 వరకు తెరిచి, సెకనులో 30వ వంతు మీద, తలుపు చట్టానికి మోచేయి ఆనించి ఆ ఫొటో తీశాను. కొద్దిగా గరుకుగా వచ్చింది గాని, వంగిన వీపు, పట్టీ లాగుతున్న చేయి స్పష్టముగా ఉన్నాయి.

సికింద్రాబాదులో పుట్టినాయన అని మా తమ్ముడు చెప్పినది సినిమా నటుడు అజిత్ కుమార్ గూర్చి. ఈ పత్రికలో సినిమా నటుని మాట ఎందుకని అనుకోవద్దు. ఆయన నటన గూర్చి నేను వ్రాయడము లేదు. ఆయన 1971లో సికింద్రాబాదులో పుట్టి, తమిళ సినిమాలలో పేరుపొందినవాడు. 2003లో ఆసియా ఫార్ములా బీఎండబ్ల్యూ పందెములలోను, 2010లో ఫార్ములా 2లోను నడిపినవాడు. చాలా ఏండ్ల తరువాత, 53 ఏండ్ల వయస్సులో, సొంత జట్టు కట్టుకొని దుబాయికి వచ్చాడు. పందెమునకు నాలుగు దినముల ముందు, జనవరి 7న, సాధన చేస్తుండగా ఆయన బండి అంచు గోడకు కొట్టుకొని గిరగిర తిరిగింది. ఆయనకు ప్రాణాపాయము కలుగలేదు. అటు తరువాత ఆయనా ఆయన జట్టువారూ కలిసి ఒక తీర్మానము చేసుకున్నారు. ఆయన ఆరోగ్యము కొరకు, జట్టు మేలు కొరకు, తన పేరు వ్రాసి ఉన్న ఆ పోర్షె బండిని పందెములో ఆయన నడపడు; మిగిలిన డ్రైవర్లు నడుపుతారు. మరొక జట్టువారి బండిలో మాత్రము ఆయన తన వంతు నడిపాడు. స్టాండులో కూర్చున్న వేలమంది ఆయనను చూడడానికే వచ్చారు. అయినా ఆయన ఆ బండి దిగి, చూస్తూ నిలబడ్డాడు. ఆదివారము ఆరాధన ముగించుకొని మేము భోజనము చేసిన తరువాత ఫలితము తెలిసింది. ఆయన దిగిన ఆ బండి తన తరగతిలో మూడవ స్థానములో నిలిచింది.

దీనికి పూర్తిగా ఎదురైన సంగతి ఒకటి ల మాన్ చరిత్రలో ఉన్నది. 1952లో పియెర్ లెవెగ్ అనే ఫ్రాన్సు దేశస్థుడు తాల్బో బండిలో ఆ పందెము నడిపాడు. జతగాడు ఉన్నాడు, సిద్ధముగా నిలబడి ఉన్నాడు. లెవెగ్ మాత్రము అతనికి బండి ఇవ్వలేదు. ఇంజనులో ఏదో తేడా ఉన్నదని, దానిని కాచుకుంటూ నడపడము తనకే తెలుసునని అతడు తలంచినట్లు చెబుతారు. అది స్వార్థమని నేననను. బాధ్యతగల మనిషి ఆలోచనే అది. సుమారు 23 గంటలు ఒక్కడే నడిపాడు. అందరికంటే చాలా ముందున్నాడు. ఇక ఒక గంటకు కొద్దిగా పైగా సమయము మిగిలి ఉండగా ఇంజను విరిగి బండి ఆగిపోయింది. వెనుకనున్న జర్మనీవారి మెర్సిడెస్ బండి గెలిచింది. అలసిపోయిన చేయి గేరు తప్పు వేసిందని కొందరు, ఇంజనే పోయిందని కొందరు అంటారు. ఏదైనా, జతగాడు ఆ పక్కనే ఖాళీగా నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ల మాన్‌లో ఎవరికీ ఆ అవకాశము లేదు. ఏ 6 గంటలలోనూ ఒకడు 4 గంటలకు మించి నడపరాదు, మొత్తము 14 గంటలకు మించరాదు. ఒంటరి ఓర్పును అక్కడ నియమమే అడ్డుకుంటుంది.

అదే ల మాన్‌లో 1969లో జరిగినది కూడ మన యౌవనస్థులు తెలుసుకోదగినది. అప్పటివరకు పందెము మొదలయ్యేటప్పుడు డ్రైవర్లు బాట దాటి తమ బండ్ల వద్దకు పరుగెత్తేవారు. తొందరలో నడుము పట్టీ కట్టుకోకుండానే బయలుదేరేవారు. ఆ సంవత్సరము బెల్జియము దేశపు జాకీ ఇక్స్ పరుగెత్తలేదు. నడిచి వెళ్లి, కూర్చొని, పట్టీ బిగించుకొని, అందరికంటే చివర బయలుదేరాడు. మొదటి చుట్టులోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవరు ప్రమాదములో చనిపోయాడు. 24 గంటల తరువాత, సుమారు 5,000 కిలోమీటర్లు నడిచిన పందెములో, ఇక్స్, అతని జతగాడు జాకీ ఆలివర్ సుమారు 120 మీటర్ల తేడాతో గెలిచారు. మరుసటి సంవత్సరము నుండి ఆ పరుగును మానిపించారు. మరొక మాట. పందెము ముగిసిన మరునాడు ఇక్స్ మామూలు రోడ్డు మీద పారిస్ వైపు పోతుండగా ప్రమాదము జరిగి అతని కారు నుజ్జయింది. పట్టీ కట్టుకొని ఉన్నాడు. గాయము లేకుండా దిగాడు.

ఫిబ్రవరిలో కోఠిలోని ఒక ల్యాబులో రీళ్లు కడిగించి, పెద్దవిగా ఫొటోలు వేయించి, యౌవనస్థుల కూడికలో చూపించాను. పిల్లలందరూ గీతల వెనుకభాగముతో పరుగెత్తే బండ్ల ఫొటోలనే చేతులు మార్చుకుంటూ చూశారు. నేను చెప్పిన అబ్బాయి మూలన కూర్చున్నాడు. అతని చేతికి ఆ రాత్రి ఫొటో వచ్చింది. చాలాసేపు చూశాడు.

“అయ్యగారూ, ఈయన దిగినంక గూడ పోలేదేంది? ఇంకొకాయనకు బెల్టు పెడ్తున్నడు” అన్నాడు.

“అది కూడ ఆయన పనే తమ్ముడూ. దిగినవాడు ఎక్కినవానిని సిద్ధము చేసి పంపాలి” అన్నాను.

అతడు ఫొటో మీదనుండి కన్ను తీయకుండానే, మెల్లగా, “మా ఇంట్ల ఎక్కెటోడు ఎవడున్నడు అయ్యగారూ?” అన్నాడు.

ప్రియులారా, ఆ మాటకు కూడికలో ఎవరూ జవాబు చెప్పలేదు. దిగు, విశ్రాంతి తీసుకో అని చెప్పడము మనకు సులభము. ఎక్కడానికి ఇంకొకరు లేనప్పుడు దిగమని చెప్పడము వట్టి మాట. మోషే ఒక్కడే ఉదయము నుండి సాయంకాలము వరకు తీర్పు తీరుస్తుంటే చూసి, అతని మామ యిత్రో ఊరికే విశ్రాంతి తీసుకో అనలేదు. భారము పంచుకునే మనుషులను ఏర్పరచుకొమ్మన్నాడు.

ఆ ఆదివారము సాయంత్రము సంఘ పెద్దలు ఇద్దరు, ఆ అబ్బాయి చిన్నాయన, నేను వారి ఇంట్లో కూర్చున్నాము. అప్పు ఎంత, నెలకు ఎంత కట్టాలి అన్నది మొదటిసారి నలుగురి మధ్య కాగితము మీదకు వచ్చింది. చిన్నాయనకు ఆ లెక్క అప్పటివరకు తెలియదు. అబ్బాయి చెప్పలేదు, చిన్నాయన అడగలేదు. ఆయన నాలుగు నెలల కిస్తీ తాను కడతానని ఒప్పుకున్నాడు. మా సంఘపు పిల్లలు ఇద్దరు నానక్‌రామ్‌గూడలో గది తీసుకొని ఉంటున్నారు. రాత్రి పది దాటితే ఇంటికి రాకుండ అక్కడే పడుకోవాలని ఏర్పాటు చేశాము. నేను ఆ రోజు అతనికి ఒక లెక్క చెప్పాను. 60 కిలోమీటర్ల వేగములో మూడు సెకనులు కన్ను మూతపడితే బండి 50 మీటర్లు గుడ్డిగా పోతుంది. మన గుడి వాకిలి నుండి బోరింగు దాటేంత దూరము. అతడు తల ఊపాడు.

అప్పు ఇంకా తీరలేదు. ఒక్క యాడాదిలో తీరుతుందనుకున్నది మరికొంత కాలము పట్టింది, ఇంకా పడుతుంది. వచ్చే డబ్బు తగ్గింది. ఒకటి రెండుసార్లు అతడు రాత్రివేళ తిరిగి వచ్చాడని కూడ తల్లి చెప్పింది. కాని వారములో చాలా రాత్రులు ఆమె నిద్రపోతున్నది. అతడు నిద్రపోతున్నాడు.

ఆ కెమెరా గూర్చి అడిగేవారికి నేను ఒకటే చెబుతాను. పెద్ద కటకము ఉండి ఉంటే నేను సాయంత్రమంతా మలుపు దగ్గరే నిలబడి, పరుగెత్తే బండ్లనే తీసుకొని వచ్చేవాడిని. దూరము అందని చిన్న కెమెరా కాబట్టి కొట్ల వెనుకకు నడిచాను, అక్కడ పడుకున్నవానిని, కాపలా ఉన్నవానిని, దిగినవానిని చూశాను. మన ఇండ్లలో కూడ పరుగెత్తేవారిని దూరమునుండి చూసి మెచ్చుకుంటాము. దగ్గరకు పోయి, వారి వీపు ఎంత వంగి ఉన్నదో చూసేవారు తక్కువ.

కాబట్టి ఈ నెల కుటుంబ ప్రార్థన అయిన తరువాత, దీపము తీయకముందు, ఇంట్లో అందరూ కూర్చొని రెండు ప్రశ్నలు అడుగుకోండి. ఈ ఇంట్లో చాలా కాలముగా దిగనివారు ఎవరు? వ్యవసాయము కొడుకుల చేతికి ఇవ్వని తండ్రి కావచ్చును, మంచము పట్టిన అత్తను ఒక్కతే చూసుకుంటున్న కోడలు కావచ్చును, అప్పు లెక్క ఎవరికీ చెప్పని కొడుకు కావచ్చును. రెండవ ప్రశ్న, వారి చోట కొంతసేపు కూర్చోవడానికి మనలో ఎవరు సిద్ధము? మొదటి ప్రశ్నకు జవాబు త్వరగా వస్తుంది. రెండవ దానికి వచ్చేవరకు లేవవద్దు.